ఏది ముందైతే అది

నేను అకౌంటెంట్‌ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చదవడం మీకు ఇంకాస్త సరదాగా ఉంటుంది. పరాయివాళ్ల లెక్కలు రాసి బతికేవాణ్ని. పైసా తేడా వస్తే అదెక్కడ నక్కిందో పట్టుకునేదాకా నిద్రపోను. అలాంటి నేను ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ విషయంలో నా సొంతానికి వేసుకున్న లెక్కలు బయటపడితే, నా దగ్గర ఖాతాలు రాయించుకునే కిరాణా సేట్లు, సిమెంటు డీలర్లు ఎవరి ఫైలు వాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోతారు. అయినా చెప్పేస్తాను. దాచుకుని మాత్రం ఏం చేస్తాను?

మాది భువనగిరి. ఆఫీసు హబ్సిగూడలో. వరంగల్ హైవే మీద బీబీనగర్, ఘట్‌కేసర్, నారపల్లి, ఉప్పల్ దాటుకుని పోవాలి. రానూపోనూ 84 కిలోమీటర్లు. ఇంతకుముందు పాత పెట్రోలు బైకు ఉండేది. లీటరుకు అరవై ఇచ్చేది. నెలకు ముప్పై అయిదు లీటర్లు, లీటరు 107 రూపాయల పైచిలుకు. మూడువేల ఏడువందలు బంకులో పోసేవాణ్ని. నా జీతానికి అది పెద్ద చిల్లే. అక్కడిదాకా నా బాధ న్యాయమైనదే.

2024 మార్చిలో రెండు కబుర్లు ఒకేసారి నా నెత్తికెక్కాయి. ఒకటి గృహజ్యోతి. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్లలోపు వాడితే కరెంటు బిల్లు సున్నా. మాకు కార్డుంది, మా వాడకం నూట నలభైకి అటూ ఇటూ. రెండోది, ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చే ఫేమ్-2 రాయితీ ఆ నెల 31తో ముగిసిపోతుందని. బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి యూనిట్‌కు పదివేల దాకా ఇస్తున్న సాయం ఏప్రిల్ నుంచి ఐదువేలకు దిగుతుందని షోరూంలో కుర్రాడు చెప్పాడు. అతనేమీ అబద్ధం చెప్పలేదు, అలాగే అయింది. కరెంటు ఊరికే, బండి చవక. ఇక నా రాకపోకల ఖర్చు ఎంత? కాయితం మీద సున్నా వేసి కింద రెండు గీతలు కొట్టాను. మా వృత్తిలో రెండు గీతలు కొట్టామంటే ఆ మొత్తం ఇక మారదని.

షోరూంలో రెండు రకాలున్నాయి. పెద్ద బ్యాటరీది, చిన్న బ్యాటరీది. తేడా ఇరవైవేల పైన. చిన్నదాని బ్యాటరీ మూడు యూనిట్లు, ఒక్క ఛార్జింగుకు 120 కిలోమీటర్లు అని రాసుంది. నాకు కావలసింది 84. ఇంకా 36 మిగులు. మిగులు కోసం ఇరవైవేలు పోసే వెర్రివాణ్ని కానని చిన్నదే తీసుకున్నాను. ఆ 120 పక్కన చిన్న అక్షరాల్లో ‘ఐడీసీ’ అని ఉంది. అదేమిటని అడగలేదు. అడిగితే తెలియనివాడిలా కనిపిస్తానేమోనని. తర్వాత తెలిసింది: ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్ష అది. ల్యాబులో బండిని రోలర్ల మీద పెట్టి తిప్పుతారు. అందులో బండి ఎక్కువలో ఎక్కువ 42 వేగం అందుకుంటుంది, సగటు వేగం 22 దరిదాపు. ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు, వెనక నుంచి హారన్ కొట్టే లారీ ఉండదు. వరంగల్ హైవే మీద 22 వేగంతో పోయేవి గడ్డివాముల ట్రాక్టర్లే.

మొదటి రోజు అరవైకి తగ్గకుండా పోయాను. కొత్త బండి, చప్పుడు లేదు, పొగ లేదు, మహారాజులా ఆఫీసు చేరాను. మీటరు చూస్తే ఛార్జింగు సగానికంటే కింద ఉంది. ‘కొత్త బ్యాటరీ కదా, అలవాటు పడాలి’ అని సమాధానపడ్డాను. బ్యాటరీ ఎవరికీ అలవాటు పడదు. సాయంత్రం బీబీనగర్ దాటుతుండగా బండి తనంతట తానే నెమ్మదించింది. కాసేపు నడకవేగంతో ఈడ్చి, ఆపైన మొరాయించింది. మిగిలిన దూరం డీసీఎం వ్యానులో బండినెక్కించుకుని వచ్చాను. డ్రైవరు ఐదువందలు తీసుకున్నాడు. దాన్ని ఏ పద్దు కింద రాయాలో తెలియక అసలు రాయలేదు.

మా తమ్ముడి కొడుకు ఇంటర్ ఎంపీసీ. వాణ్నడిగితే రెండు నిమిషాల్లో తేల్చేశాడు. “పెద్దబాపూ, గాలి ఊకోదు. స్పీడు వర్గం లెక్కన గుంజుతది.” నలభైకి పదహారువందలు, అరవైకి ముప్పై ఆరువందలు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, గాలి అడ్డుకునే బలం రెండింతలు దాటింది. హైవే వేగానికి నా బండి డెబ్బై అయిదు కిలోమీటర్లకు మించి రాదు. పెట్రోలు బండికి ట్రాఫిక్ అంటే గిట్టదు, ఖాళీ హైవే అంటే ఇష్టం. దీనిది తలకిందుల వ్యవహారం. ఉప్పల్ ట్రాఫిక్‌లో ఆగుతూ పోతుంటే ఛార్జింగు చెక్కుచెదరదు. ఘట్‌కేసర్ దాటి రోడ్డు బారుగా దొరికితేనే కరిగిపోతుంది.

బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడే ఆగేవాడు. కానీ అప్పటికే నేను వీధంతా ఉపన్యాసాలిచ్చి ఉన్నాను. మా ఎదురింట్లో ఆర్టీసీలో పనిచేసి రిటైరైన డ్రైవరు ఉంటారు. “బస్సులుండంగ గిదెందుకు బిడ్డా?” అని ఆయనడిగితే, అరగంట నిలబెట్టి పెట్రోలు ధర నుంచి పర్యావరణం దాకా చెప్పాను. ఇప్పుడు ఆయన ముందే బస్సెక్కడమా? అసలు తెలివితక్కువతనం బండి కొనడంలో లేదు. కొన్న తప్పు ఒప్పుకోకుండా ఉండటానికి ఆ తర్వాత చేసిన పనుల్లో ఉంది.

ఎకో మోడ్‌లో నలభై వేగంతో పోవడం మొదలుపెట్టాను. ఆ వేగానికి తొంభై అయిదు దాకా వచ్చేది. ఇంటికి చేరేసరికి పది శాతం మిగిలేది. చూపు రోడ్డు మీద కంటే ఆ అంకె మీదే ఎక్కువ ఉండేది. లైటు ఆపుదామనుకున్నాను. 2017 నుంచి వచ్చే బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆపే మీటే లేదు. దానికి పోయేది ఏపాటి కరెంటని? ఆ ఆలోచన మాని టైర్లలో గాలి ఎక్కువ కొట్టించాను. నారపల్లి దగ్గర ఫ్లైఓవర్ పనుల కంకర మీద బండి జారి మోకాలు చెక్కుకుపోయింది. సహోద్యోగి ఘట్‌కేసర్ దాకా లిఫ్టు అడిగితే వెన్నునొప్పని అబద్ధం చెప్పాను. అతని బరువు నా మీటరులో ఎన్ని శాతాలో అప్పటికే లెక్క కట్టి ఉంచుకున్నాను మరి.

ఒకరోజు మా ఆవిడ ఉప్పల్లో ఉన్న చెల్లెలింటికి బయల్దేరింది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. నాకంటే వెనక ఇల్లు కదిలిన మనిషి ఘట్‌కేసర్ దగ్గర బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఎడమవైపు తెల్లగీత మీద, ముందుకు వంగి, గడ్డం మీటరుకు ఆనించి పోతున్నాను. వంగితే గాలి తక్కువ తగులుతుందని. సాయంత్రం ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. “నడుము నొస్తలేదా?” అని మాత్రం అడిగింది.

ఆషాఢం వచ్చింది. దక్కన్‌లో ఆ రోజుల్లో గాలి పడమటి నుంచి వీస్తుందని చిన్నపిల్లలకు తెలుసు, గాలిపటాలెగరేసినవాళ్లందరికీ తెలుసు. భువనగిరి నుంచి హైదరాబాద్ పడమటే. అంటే పొద్దున్నే ముఖం మీదికి గాలి. పైగా మూసీ హైదరాబాద్ నుంచి ఇటు, తూర్పుకు పారుతుంది. దిగువ నుంచి ఎగువకు పోతున్నానన్నమాట. ఎత్తు తినేది కొంచెమే, గాలి తినేదే ఎక్కువ. బండి వేగం యాభై, ఎదురుగాలి ఇరవై అనుకోండి. గాలి దృష్టిలో నేను డెబ్బై వేగంతో పోతున్నట్టు లెక్క. యాభై వర్గం పాతికవందలు, డెబ్బై వర్గం నలభై తొమ్మిదివందలు. సాయంత్రం అదే గాలి వీపున తోస్తుంది కదా అంటారేమో. తోస్తుంది. కానీ పొద్దున పోగొట్టినంతా తిరిగి ఇవ్వదు. వర్గాల లెక్కలో రాబడి, పోబడి సరితూగవని ఎంపీసీ పిల్లవాడు మళ్లీ చెప్పాడు. వాణ్ని అడగడం మానేశాను.

అప్పుడు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. గాలి తగలకుండా లారీల వెనక నక్కి పోవడం మొదలుపెట్టాను. డీసీఎం వెనక, బస్సు వెనక, నాలుగు గజాల దూరంలో. నిజంగానే ఛార్జింగు మిగిలేది. మీటరు చూసుకుని మురిసిపోయేవాణ్ని. ఒకరోజు ఇసుక లారీ బ్రేకు వేసింది. నేను ఎడమవైపు మట్టిలోకి దిగి, కంపచెట్టుకు ఆనుకుని ఆగాను. లారీ వెనకపట్టీ నా హెల్మెట్ ఎత్తులో ఉంది. డ్రైవరుకు నేనున్నట్టే తెలియదు, తన దారిన పోయాడు. ఆ రోజు మిగిల్చిన కరెంటు విలువ తర్వాత లెక్క కట్టాను. రూపాయిన్నర కూడా లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. ఈ రాత చదివితే తెలుస్తుంది.

లారీలు మానుకుని ఆఫీసులో ఛార్జింగు పెట్టుకుందామనుకున్నాను. మా ఆఫీసు రెండో అంతస్తులో. బజారులో దొరికిన చవక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి, కిటికీలోంచి వైరు కిందికి వేలాడదీశాను. మిగిలిన వైరును చక్కగా చుట్టచుట్టి కిటికీ దగ్గర పెట్టాను, ఎవరి కాళ్లకూ తగలకూడదని. మధ్యాహ్నం భోజనాల వేళ ప్లాస్టిక్ కాలిన వాసన. సన్నని వైరును చుట్టలా ఉంచి గంటల తరబడి లోడు ఇస్తే లోపల వేడి బయటికి పోయే దారి ఉండదట. ఎలక్ట్రీషియన్ ఆ నల్లబడిన చుట్టను నా చేతికిచ్చి, “సార్, ఇది అంటుకునుంటే ముందు మీ ఫైళ్లే పోయేవి” అన్నాడు. బిల్డింగు ఓనరు మర్నాడే నోటీసు అంటించాడు. పేరు రాయలేదు, కానీ మా బిల్డింగులో ఎలక్ట్రిక్ బండి నాదొక్కటే.

ఆ తర్వాత ఘట్‌కేసర్ దాటాక రోడ్డు పక్కన ఒక టిఫిన్ సెంటరు దొరికింది. నడిపే అక్క మంచిది. “పెట్టుకో తమ్మీ, గదెంత కరెంటు” అంది. నా ఛార్జరు గంటలో ముప్పావు యూనిట్ ఎక్కిస్తుంది. అంటే ఆరేడు రూపాయల సరుకు. ఊరికే కూర్చోవడానికి మొహమాటం. ఒక ప్లేటు ఇడ్లీ, తర్వాత దోశ, ఇంకా అంకె పెరగకపోతే ఉప్మా, చివర టీ. ఆరు రూపాయల కరెంటుకు నూటపాతిక బిల్లు. ఇంటికెళ్లాక ఆకలి లేదంటే మా ఆవిడకు నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చింది. మే నెలలో ఇంకో తిప్పలు. ఎండలో పడి వచ్చిన బ్యాటరీ చల్లబడేదాకా ఛార్జింగు ఎక్కించుకోదు. అక్క దగ్గర గోనెసంచి అడిగి, తడిపి, సీటు మీద కప్పి, దాని పక్కనే నేనూ కూర్చున్నాను. లోపలి బ్యాటరీకి ఆ తడి ఏం తగులుతుందని ఆలోచించలేదు. జ్వరమొచ్చిన బిడ్డకు నుదుటిమీద తడిగుడ్డ వేసినట్టు వేశానంతే.

ఇక కరెంటు బిల్లు. ఇంటి వాడకం నూట నలభై, బండికి నెలకు డెబ్బై అయిదు. కూడితే 215. ఈ కూడిక నేను ముందే చేసి ఉండాల్సింది. మూడో తరగతి పిల్లలు చేసే కూడిక. గృహజ్యోతి 200 దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే డబ్బు కట్టాలనుకున్నాను. అలా కాదు. గీత దాటావా, ఉచితం మొత్తం పోతుంది. పైగా 200 దాటిన ఇళ్లకు శ్లాబే వేరు. మొదటి యూనిట్ నుంచే 5.10. రెండువందలకు 1,020, పైన పదిహేనుకు 7.70 చొప్పున 115.50, ఆపైన ఫిక్స్‌డ్ చార్జీలు. మీటరు రీడింగు తీసే అబ్బాయి చీటీ చింపి మా ఆవిడ చేతికిచ్చాడు. ఆమె ఆ చీటీ పట్టుకుని నేను వచ్చేదాకా గుమ్మంలోనే ఉంది.

“పదిహేను యూనిట్లకు పదకొండొందలా?”

శ్లాబుల పద్ధతి వివరించబోయాను.

“మీరు లెక్కలు రాసెటోళ్లే గదా. ముందుగాల కనవడలేదా?”

కనబడలేదు. అయితే ఒప్పుకోలేదు. వచ్చే నెల రెండువందల లోపు తెస్తానని శపథం చేశాను. బండి వాడకం తగ్గదు కాబట్టి ఇంటివాడకం తగ్గాలి. రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపాను. పెరుగు పులిసింది, పాలు విరిగాయి. పిల్లలిద్దర్నీ ఒకే ఫ్యాను కింద పడుకోబెట్టాను. మోటరు పెట్టే వేళ నేనే నిర్ణయించాను. సబ్‌మీటరు కొని గోడకు బిగించి, రోజూ రీడింగు పుస్తకంలో రాశాను. ఇంటిల్లిపాదీ చెమటలు కక్కి ఆ బండికి కరెంటు సంపాదించిపెట్టారు. నెలాఖరుకు 203 వచ్చింది. ఆ మూడు యూనిట్లు సబ్‌మీటరు కొనకముందు పోయినవని నేను వాదించాను. ఎవరూ వినలేదు. ఇంత చేసినా పెట్రోలుతో పోలిస్తే నెలకు రెండున్నరవేలు మిగులుతున్నాయన్నది నిజమే. అది గట్టిగా చెప్పే ధైర్యం ఆ ఇంట్లో నాకు మిగల్లేదు, అంతే.

బ్యాటరీ మీద ప్రేమ ఇంకో దారిలో కూడా ముదిరింది. నా బండిది ఊడదీసుకునే బ్యాటరీ. రాత్రిళ్లు వరండాలో ఉంచితే దొంగలెత్తుకుపోతారని మంచం పక్కనే ఛార్జింగు పెట్టి పడుకునేవాణ్ని. 2022 ఏప్రిల్లో విజయవాడలో ఒక ఇంట్లో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి మనిషి పోయిన వార్త చదివినవాణ్నే. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో ఎనిమిదిమంది చనిపోయిన సంగతీ తెలుసు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే బ్యాటరీల పరీక్షలు కఠినం చేశారు, ఇప్పటివి అప్పటికంటే మెరుగు. అయినా పిల్లలు పడుకునే గదిలో పెట్టడానికి అది సాకు కాదు. మా మామగారు ఒకసారి వచ్చి చూసి, మారుమాట లేకుండా బ్యాటరీని ఎత్తుకెళ్లి వాకిట్లో పెట్టారు. దొంగల సంగతి ఎత్తితే, “పోతే బండి పోతది అల్లుడా” అన్నారు. మిగతాది అనలేదు.

చివరి దెబ్బ వారంటీది. బండి కొన్న ఏడాది దాటాక రేంజి తగ్గినట్టు అనిపించి సర్వీసు సెంటరుకు తీసుకుపోయాను. మూడేళ్ల వారంటీ ఉంది కదా అని దర్జాగా కాయితం తీసి ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి మీటరు చూసి, ఆ కాయితాన్నే నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. మూడేళ్లు లేదా 30,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నేను నెలకు రెండువేల వంద తిరుగుతున్నాను. ఏడాదీ కొన్ని నెలల్లో ముప్పైవేలు ఎప్పుడో దాటిపోయాయి. క్లయింట్ల ఒప్పందాల్లో ఇలాంటి వాక్యం కనబడితే ఎర్రసిరాతో గీత గీసి, ‘జాగ్రత్త’ అని పక్కన రాసేవాణ్ని నేనే.

కొత్త బ్యాటరీ ధర అరవైవేల దాకా చెప్పారు. ఆ రాత్రి మొదటిసారి నా బండికి తరుగుదల వేశాను. ఊళ్లోవాళ్ల మిక్సీలకు, బీరువాలకు కూడా తరుగుదల వేసే మనిషిని, నా బండికి వేయడం మర్చిపోయాను. బ్యాటరీ వారంటీకి రెట్టింపు నడిచి 60,000 కిలోమీటర్లు లాగిందనుకున్నా, కిలోమీటరుకు రూపాయి బ్యాటరీకే పోతుంది. ఆపైన కరెంటు అర్ధరూపాయి. పెట్రోలు బైకుకు కిలోమీటరు పడేది రూపాయీ ఎనభై పైసలు. పోరాటమంతా ఆ ముప్పై పైసల కోసం. అందులోంచి డీసీఎం ఐదువందలు, ఇడ్లీలు, దోశలు, కాలిన వైరు, సబ్‌మీటరు, మోకాలి కట్టు తీసేస్తే ఏం మిగిలిందో రాయను.

ఇప్పుడు ఉప్పల్ దాకా బస్సులో పోతున్నాను. అక్కడ మెట్రో ఎక్కితే హబ్సిగూడ. దారిలో కునుకు తీస్తాను. ఎదురింటి పెద్దాయన మొదటి రోజు బస్టాండులో కనబడి, పక్కకు జరిగి సీటిచ్చారు. ఏమీ అడగలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. బండిని మా ఆవిడ నడుపుతోంది. బడి, కూరగాయల మార్కెట్టు, పొద్దున నన్ను బస్టాండులో దింపడం. నెలకు పన్నెండు యూనిట్లు కూడా తాగదు. ఊళ్లో తిరగడానికి దాన్ని మించిన బండి లేదు, ఆ మాట ఎవరు అడిగినా చెబుతాను. రోజుకు ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎనభై తిరగాలనుకునేవాళ్లు పెద్ద బ్యాటరీదే తీసుకోండి, రెండు చివర్లా ఛార్జింగుకు చోటు చూసుకున్నాకే తీసుకోండి. షోరూంలో ఆ కుర్రాడు ఇప్పటికీ 120 అనే చెబుతున్నాడు. మీరు 75 అనుకుని కొనండి.